బ్రాక్‌వెల్ శిబిరంలో నా కాపురం

బ్రాక్‌వెల్ శిబిరం, ఇంగ్లండ్
1946 డిసెంబరు 27

నా సల్చాకి,

మనకు ఇల్లు దొరికింది. తక్కినవన్నీ ఈ ముక్క తర్వాతే.

ఏడాదిగా మన తిప్పలు నీకు తెలుసు. ఇల్లున్న సిపాయే భార్యను రప్పించుకోవచ్చునని ఒక గదిలో చెప్తారు. భార్య పక్కనున్న సిపాయికే ఇల్లు ఇస్తామని ఎదురు గదిలో చెప్తారు. ఆ రెండు గదుల మధ్య తిరిగి నా బూట్లు అరిగాయి గాని నలభైమంది ఒంటరి మగవాళ్ళ కొట్టంలోంచి నా మంచం కదల్లేదు.

క్రిస్మస్ ముందు సాయంత్రం మన దేశంలో మన ఇళ్ళలోలాగే చేశాం. బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరిచాం, బీట్‌రూట్ చారు కాచాం, దారిన పోయే ఏ దిక్కులేనివాడైనా తలుపు తడితే పెట్టడానికి ఒక కంచం ఎక్కువ వేశాం. ఆ కంచం నా పక్కన పడింది. శిబిరం పెద్ద మేజర్ పెంబర్టన్ పండుగ పలకరింపుకి వచ్చి దాన్ని చూశాడు.

“ఈ కంచం ఎవరిది?” అని అడిగాడు.

ఎవరొస్తే వాళ్ళదని చెప్పాలి. కాని సల్చా, రావాలని నేను కోరుకునే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. “నా భార్యదండి” అనేశాను.

“ఏదీ?”

“దారిలో ఉందండి.”

ఆయన గడియారం చూసుకున్నాడు. “పాపం, చారు చల్లారిపోతుంది” అని నీ కంచం మీద ఇంకో కంచం బోర్లించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. పెళ్ళాం వచ్చినవాడు ఒంటరివాళ్ళ కొట్టంలో ఉండకూడదట. సగం పీపాలాంటి రేకుల ఇంట్లో ఒక సగం మనది. పొయ్యి ఉంది. దుప్పట్లు నీవి రెండు, నావి రెండు. పండుగపూట అంత మంచి మనిషి మాట కాదనలేకపోయాను.

ఇల్లుంది కాబట్టి ఇక నిన్ను పంపడానికి అడ్డేమీ లేదు. రేపే అక్కడి ఆఫీసులో అడుగు.

నీ ఇగ్నాష్

*

హైడెన్‌రోడె శిబిరం, జర్మనీ
1947 జనవరి 20

ఇగ్నాష్‌కి,

నా రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంటుంది, నవ్వకు. మూడు తరగతులు చదివినదాన్ని.

నీ ఉత్తరం చదివి శుభ్రమైన తలగుడ్డ కట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మిస్ ఆల్‌డ్రిడ్జ్ అని ఇంగ్లీషు దొరసాని కూర్చుంటుంది, ఆమె మాటలు మన భాషలో చెప్పడానికి ఓల్చక్ గారు నిలబడతారు. నా పేరు చెప్తే ఆమె కాగితాల్లో వెతికి చూసింది.

“సలోమేయా కుబెల్ వెళ్ళిపోయింది కదమ్మా” అన్నారు ఓల్చక్ గారు.

“ఎక్కడికండి?”

“ఇంగ్లండ్‌కి. పండుగ నుంచి అక్కడే భోంచేస్తోంది.”

“సలోమేయా కుబెల్‌ని నేనేనండి.”

“అదెలా కుదురుతుందమ్మా? ఒక మనిషి రెండు చోట్ల తింటుందా? ఆవిడ అక్కడుంటే మీరెవరో మీరే చెప్పాలి.”

వరసలో వెనకవాళ్ళు గొణుగుతున్నారు. ధన్యవాదాలు చెప్పి వచ్చేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. నాకు నలుగురిలో గొంతు పెగలదని నీకు తెలుసు, పెళ్ళి ప్రమాణం కూడా ఫాదర్ రెండుసార్లు అడిగితే గాని వినిపించలేదు.

ఇగ్నాష్, ఈ శిబిరం జూన్ చివర మూసేస్తారు. అప్పటికి పోవడానికి చోటు లేనివాళ్ళని తూర్పు బండి ఎక్కిస్తారట. మన ఊరు ఇప్పుడు ఇంకో దేశంలో ఉంది. ఊరు కదల్లేదు, దేశమే దాని మీదుగా నడిచి పోయింది. అక్కడికి వెళ్తే మళ్ళీ నిన్ను చూడను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి.

నీ సల్చా

*

బ్రాక్‌వెల్
ఫిబ్రవరి 16

నా సల్చాకి,

బెంగపడకు. మేజర్ గారు మంచి చలాకీగా ఉన్నప్పుడు చూసి చెప్తాను. ఈ నెలలో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి ఆయన చలాకీగా ఒక్కరోజూ లేడు.

ఈలోగా నువ్విక్కడ బాగా కుదురుకున్నావు. సోమవారం వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీసే వంతు నీకు పడింది. నేను వెళ్ళి కూర్చుంటే ఆడవాళ్ళు తరిమారు. “పెళ్ళాం రాజకుమారిలా పడుకుంటే మొగుడొచ్చి దుంపలు గీకుతాడా, లే అవతలికి!” అన్నారు. మన ఇంటి రెండో సగంలో జెనోవేఫా గారని ఒక విధవరాలు ఉంటుంది, ఆవిడ మాట్లాడితే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. నీ వంతు ఆవిడ చేస్తోంది. వారానికి ఒక గుడ్డు ఇస్తున్నాను. నీకు వచ్చే గుడ్డే.

ఇంకో సంగతి, నిన్ను జపమాల సంఘానికి కార్యదర్శిని చేశారు. సంఘంలో రెండు జట్లున్నాయి, ఈ జట్టు మనిషిని ఆ జట్టు ఒప్పుకోదు. చివరికి ఫాదర్ మోద్జెస్త్, “ఈ శిబిరంలో ఎవరితోనూ పోట్లాడని ఆడది కుబెల్ భార్య ఒక్కతే” అన్నారట. అందరూ చేతులెత్తారు. దారిలో నన్ను ఆపి మరీ అభినందించారు.

నీ ఇగ్నాష్

*

హైడెన్‌రోడె
మార్చి 25

ఇగ్నాత్సీ కుబెల్ గారికి,

నా మంచం మీద పడుకున్నది ఎవరు?

మా గదిలో ఫ్రానిష్కా అక్క మరిది మీ శిబిరంలోనే ఉంటాడట. అతని ఉత్తరం నిన్న బట్టలుతికే చోట అందరి ముందూ చదివింది. కుబెల్ భార్యకి జబ్బు చేసిందట. మేజర్ గారి భార్య చూడబోతే దుప్పటి ముసుగేసుకుని పడుకుందట. మంచి లావు మనిషట, గురక పెట్టిందట.

“సల్చా, ఇంగ్లండ్ నీళ్ళు పడ్డట్టున్నాయే, ఒళ్ళు చేశావట!” అని ఒకరు, “మంచంలో మొగుడికి చోటుందా?” అని ఇంకొకరు. సబ్బు నీళ్ళలో చూస్తూ ఉతుక్కున్నాను.

మనం కలిసి ఉన్నది ఒక్క ఎండాకాలం. పంట కోతలయ్యాక యుద్ధం వచ్చింది, నువ్వు వెళ్ళావు. నేను గురక పెడతానో లేదో నీకు గుర్తుండకపోవచ్చు. నేను పెట్టను.

గుడ్డు ఇస్తున్నానని రాశావు. గుడ్డుతో ఆగిందా?

సలోమేయా

*

బ్రాక్‌వెల్
ఏప్రిల్ 13

సల్చా, సల్చా,

దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆ మనిషి మంచం మీదున్నంతసేపూ నేను గది బయటే ఉన్నాను.

మేజర్ గారి భార్య కొత్త కాపురాలు చూడటానికి కేకు పట్టుకుని వస్తోందని గేటు దగ్గర కేకలేశారు. చెక్కగోడ అవతల నుంచి జెనోవేఫా గారు, “ఏం బాబూ, పెళ్ళాం కావాలా? కేకు పెద్దదేనా?” అంది. జవాబు చెప్పేలోపే బూట్లతో సహా మంచమెక్కి ముసుగేసింది. నటించమంటే నిజంగానే నిద్రపోయింది. దొరసాని కాసేపు నిలబడి, “పాపం, అలసిపోయింది” అని కేకు పెట్టి వెళ్ళింది. కేకంతా జెనోవేఫా గారే తిన్నది. జరిగింది ఇదే.

నీకు రాయనందుకు తప్పు నాది. కేకు వచ్చిన మర్నాడే టోపీ తీసి మేజర్ గారికి నిజం చెప్పేశాను. ఆయన నాకు టీ పోయించాడు.

“మిస్టర్ కుబెల్, ఆవిడ కంచం నేను చూశాను, ఆవిడ బూట్లు మా ఆవిడ చూసింది. ఇప్పుడు లేదంటే ఎలా?” అన్నాడు. “శిబిరంలోంచి మనిషి పోవడానికి మూడే దారులున్నాయి. కాపురం వదిలి పోవాలి, వేరే శిబిరానికి మారాలి, లేదా చనిపోవాలి.”

కాపురం వదిలి పోయిందంటే ఇల్లు తీసుకుంటారు, మళ్ళీ ఇవ్వరు. నిన్ను మీ శిబిరానికే మార్చమని అడిగించాను. ఆ పేరుగల మనిషి అక్కడ ఇప్పటికే ఉంది కాబట్టి ఇంకొకరిని చేర్చుకోలేమని, నువ్వు వెళ్ళిపోయావన్న మీ వాళ్ళే జవాబిచ్చారు.

ఇక మిగిలింది మూడోది. కోపం తెచ్చుకోకు. కొన్నాళ్ళకే. నువ్వు పోయావంటే నేను విధురుణ్ణి అవుతాను, జర్మనీలో ఉన్న ఎవరో ఒకామెను పెళ్ళాడతానని అర్జీ పెడతాను, ఆ ఒకామెవి నువ్వే. ఫాదర్ మోద్జెస్త్ మాత్రం శవం లేకుండా ప్రార్థన చదవనన్నారు. జెనోవేఫా గారిని అడిగితే, శవపేటికలో పడుకోవడం అపశకునమనీ, అయినా ఇంకో కేకు ఉంటే ఆలోచిస్తాననీ అంది.

నువ్వు ఊఁ అంటే చాలు.

ఇగ్నాష్

*

హైడెన్‌రోడె
మే 4

ఇగ్నాష్,

నేను చావను.

యుద్ధంలో పట్టుకుపోయి పనికి పెడితే జర్మను రైతు కొట్టంలో ఐదేళ్ళు పందులకి కుడితి కలిపి వాటితో పాటే తిన్నాను, చావలేదు. బాంబులు పడ్డ రాత్రులు చావలేదు. ఇప్పుడు మీ మేజర్‌కి తేలికవుతుందని చస్తానా? ఇక నీ రెండో పెళ్ళాన్నై వచ్చి, “మొదటావిడ ఎంత నెమ్మదస్తురాలో” అని జెనోవేఫా గారు చెప్తుంటే బతికినన్నాళ్ళూ వినాలా?

ఎన్నాళ్ళుగానో రాయని సంగతి ఒకటుంది. కోపంలోనే రాసేస్తాను, మామూలప్పుడు రాయలేను. నాలుగేళ్ళ కిందట దుంపలు తరిగే యంత్రంలో నా ఎడం చెయ్యి పడింది. రెండు వేళ్ళు పోయాయి. పెళ్ళి ఉంగరం కుడి చేతిది కాబట్టి ఉంది. ఫొటో పంపమని నువ్వు అడిగినప్పుడల్లా ఇక్కడ ఫొటోలు తీసేవాళ్ళు లేరని రాశాను. ఉన్నారు.

నీ దగ్గరున్న సల్చాకి పది వేళ్ళున్నాయి. దుంపలు గబగబా గీకుతుంది, సంఘం నడుపుతుంది, ఎవరితోనూ మాట పడదు, పందొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోయింది. నీకు ఆమె చాలనుకుంటే చెప్పేయి. జూన్‌లో తూర్పు బండి ఎక్కి, మీ అమ్మ సమాధి మీద గడ్డి పీక్కుంటూ ఉంటాను.

సల్చా

*

బ్రాక్‌వెల్
మే 15

నా సల్చాకి,

నా పై పళ్ళు ఇటలీలో ఒక కొండ మీద పోయాయి. జుట్టు ఎక్కడ పోయిందో తెలియదు, ఎడారిలో టోపీ తీసి చూస్తే లేదు. నేను పంపిన ఫొటోలో నోరు మూసుకుని టోపీ పెట్టుకున్నది అందుకే. మన ఇద్దరినీ కలిపి లెక్కేస్తే ఎక్కువ పోగొట్టుకున్నది నేనే.

పది వేళ్ళ సల్చా నాతో ఒక్క మాటా మాట్లాడదు. పొయ్యి వెలిగించి, ఆమె కుర్చీ ఎదురుగా కూర్చుని, చలిగా ఉందని నేనే అని, అవునని నేనే అంటున్నాను. నువ్వు తిట్టిన ఉత్తరం పైకి చదువుకున్నాను. మొదటిసారి ఇంట్లో మనిషి ఉన్నట్టనిపించింది. గోడ అవతల నుంచి జెనోవేఫా గారు, “మొత్తానికి మాట్లాడింది!” అంది.

నువ్వు చావొద్దు. తూర్పు బండి ఎక్కొద్దు. నాకు తెలిసిన దారులన్నీ అయిపోయాయి. నీకేదైనా తోస్తే చెప్పు, ఏది చెప్తే అది చేస్తాను.

నీ ఇగ్నాష్

*

హైడెన్‌రోడె
జూన్ 6

ఇగ్నాష్‌కి,

తోచింది. జాగ్రత్తగా చదువు.

మా పక్క గదిలో ఒక పిల్ల సముద్రం చూడాలని ఎవరికీ చెప్పకుండా హాంబర్గ్ పోయింది. సిపాయిలు పట్టుకుని జీపులో తెచ్చి అప్పగించారు. శిబిరం మనిషి చెప్పకుండా పోతే ఎక్కడ దొరికినా సర్కారు ఖర్చుతో పట్టుకొచ్చి అప్పగించాలట. ఆ పిల్ల జీపు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆమెకి దారిలో టీ కూడా ఇచ్చారట.

బకెట్టు అక్కడే పెట్టి తిన్నగా ఆఫీసుకి వెళ్ళాను.

“మళ్ళీ వచ్చారా అమ్మా?” అన్నారు ఓల్చక్ గారు నీరసంగా.

“ఒప్పుకోవడానికి వచ్చానండి. సలోమేయా కుబెల్ బ్రాక్‌వెల్‌లోనే ఉండాల్సిన మనిషి. మీరు చెప్పిందే నిజం. నేను అక్కడి నుంచి పారిపోయి వచ్చాను.”

ఓల్చక్ గారి చేతిలో కలం కింద పడింది. తీసుకుని, దొరసానికి చెప్పారు. ఆమె మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది.

“ఎందుకు పారిపోయావని అడుగుతున్నారు.”

“బంగాళాదుంపలు గీకలేకండి.”

“సముద్రం దాటి ఎలా వచ్చావట?”

“నన్నెవరూ ఆపలేదండి.”

ఇది నిజమే కదా ఇగ్నాష్, నన్ను బ్రాక్‌వెల్ నుంచి రానివ్వకుండా ఎవరాపారు? నా గొంతు గదంతా వినిపించింది, నాకే భయం వేసింది. మిస్ ఆల్‌డ్రిడ్జ్ చాలాసేపు ఇంగ్లీషులో చివాట్లు పెట్టింది. ఓల్చక్ గారు ఇంతే చెప్పారు: “సిగ్గులేదా అంటున్నారు. వెంటనే పట్టిస్తామంటున్నారు. కాకపోతే పెళ్ళాం కనబడటం లేదని మీ ఆయన అక్కడ చెప్పాలి.”

వెళ్ళి చెప్పు. కాపురం వదిలేసిందని మాత్రం అనకు, ఇల్లు పోతుంది. వంతుకి రాలేదు, వెతికించండి అను. మొహం దిగులుగా పెట్టు.

సల్చా

*

బ్రాక్‌వెల్
జూన్ 15

నా పారిపోయిన పెళ్ళానికి,

చెప్పాను. మేజర్ గారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “మిస్టర్ కుబెల్, పారిపోయినవాళ్ళకి నా దగ్గర పద్ధతుంది!” అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయనకీ నిద్ర లేదని అప్పుడు తెలిసింది.

శిబిరం అట్టుడికిపోతోంది. నిన్ను తరిమింది మీరంటే మీరని జపమాల సంఘంలో రెండు జట్లూ జుట్లు పట్టుకున్నాయి. కార్యదర్శి పదవి నుంచి నిన్ను తీసేశారు. ఆదివారం ఫాదర్ మోద్జెస్త్, నిజమంతా తెలిసిన మనిషే, గుడిలో ఇల్లు విడిచిన ఆడవాళ్ళ మీద గంటసేపు మాట్లాడి, దిగేటప్పుడు నాకు కన్ను కొట్టారు. మగవాళ్ళు నా భుజం తట్టి సిగరెట్లు ఇస్తున్నారు. పళ్ళు లేని నవ్వు కనబడకుండా తల దించుకుని తీసుకుంటున్నాను.

జెనోవేఫా గారు ఒక్కతే నిజంగా ఏడ్చింది. “ఇక గుడ్డు ఉండదా?” అంది.

రేపో మాపో పట్టుకుంటారు. ఎదురు తిరగకు.

ఇగ్నాష్

*

బ్రాక్‌వెల్ శిబిరం, గేటు పక్క గది
జూన్ 28, పొద్దున్న

ఇగ్నాష్‌కి,

నన్ను పట్టుకొచ్చారు. ఎర్ర టోపీల సిపాయిలు ఇద్దరు. ఒకడు నా పెట్టె మోశాడు, ఇంకొకడు ఓడలో రొట్టె, మాంసం ముక్క పెట్టాడు. బేడీలు వేయాలని తెచ్చుకున్నాడు గాని నా ఎడం చెయ్యి చూసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

ఇందాక మేజర్ గారు వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, “అనుకున్నంత లావు లేదే” అన్నాడు. తర్వాత శిక్ష చదివాడు. వారం రోజులు ఇల్లు కదలకూడదట. గుమ్మం దాటకుండా మొగుడు కాపలా కాయాలట, అతనూ బయటికి పోకూడదట. భోజనం ఇంటికే పంపుతారట.

ఈ కిటికీ కింద నుంచి నువ్వు రెండుసార్లు నడిచి వెళ్ళావు. రెండోసారి గేటు సిపాయిని ఏదో అడిగావు, అతను నా వైపు చెయ్యి చూపించాడు, నువ్వు నన్ను చూసి తల అడ్డంగా ఊపి ముందుకి పోయావు. నువ్వు వెతుకుతున్నది ఒక పిల్ల కోసం. నాకూ నువ్వు నువ్వని మొదట తెలియలేదు. పెద్ద కోటులో ఎవరో ముసలాయన అనుకున్నాను. తర్వాత చెవి పట్టుకుని లాక్కోవడం మొదలుపెట్టావు. మన పెళ్ళిరోజు గుడి మెట్ల మీద అలాగే లాక్కున్నావు, చెవి ఎర్రగా కందిపోయింది.

పిలుద్దామని లేచాను. మిస్ ఆల్‌డ్రిడ్జ్ ముందు వచ్చిన గొంతు నీ ముందు రాలేదు. అందుకే ఈ చీటీ రాసి గేటు సిపాయికి ఇస్తున్నాను. నువ్వు బొగ్గు కుప్ప పక్కన నిలబడి ఉన్నావు, అతను నాలుగంగల్లో తెచ్చి ఇస్తాడు.

వెనక్కి తిరుగు. గోధుమరంగు తలగుడ్డ మనిషిని నేనే. చెయ్యి దాని కొంగులో దాచుకున్నాను, నువ్వు దగ్గరికి వచ్చాక తీస్తాను. కాపలావాడు రాలేదని శిక్ష ఇంకా మొదలుపెట్టలేదు.

రా.

సల్చా